వెళ్లే దారి సరే... వచ్చే దారేదీ?

ఇంజను ఎర్త్ పట్టీ చోటు తప్పితే ఎన్ని బ్యాటరీలు మార్చినా దండగే

అవనిగడ్డ: రాత్రి పదకొండు గంటల వేళ. పొలానికి నీళ్లు పెట్టడానికి వెళ్లిన కూలీని పాము కరిచింది. ఊళ్లో అద్దెకు తిరిగే వ్యాను ఒక్కటే దిక్కు. నలుగురూ మోసుకొచ్చి అతన్ని వెనక సీట్లో పడుకోబెట్టారు. డ్రైవరు తాళం తిప్పాడు. ‘టక్’మని ఒక్క చప్పుడు వచ్చి ఊరుకుంది. మళ్లీ తిప్పాడు. మళ్లీ అదే చప్పుడు. లైట్లు వెలుగుతున్నాయి, హారను మోగుతోంది, ఇంజను మాత్రం కదలదు. చివరకు పది మంది చేరి రామాలయం దగ్గర నుంచి చెరువు మలుపు దాకా తోస్తే బండి అందుకుంది. కూలీ బతికాడు. కానీ ఆ పావుగంట తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుందంటాడు డ్రైవరు.

ఆ వ్యానులో ఉన్న బ్యాటరీ కొని అప్పటికి నాలుగు నెలలే.

కోడూరు వైపు ఒక గ్రామానికి చెందిన ఈ ఓమ్నీ వ్యాను కథ దివిసీమలో పాత బండ్లు నడుపుకొని బతికేవారిలో చాలామందికి తెలిసిన కథే. ఈ వ్యాన్ల తయారీ 2019లో ఆగిపోయింది. అయినా పల్లెల్లో పెళ్లికైనా, మోపిదేవి గుడికైనా, ఆసుపత్రికైనా ఇంకా ఇవే తిరుగుతున్నాయి. బండి మొరాయిస్తే అందరూ ముందుగా తిట్టేది బ్యాటరీని. ఆ తర్వాత సెల్ఫ్ మోటారును. ఈ వ్యాను యజమానీ అదే చేశాడు. ఒక బ్యాటరీ మార్చాడు. సెల్ఫ్ విప్పించి కార్బన్లు, బుష్‌లు వేయించాడు. అయినా లాభం లేక ఇంకో బ్యాటరీ కొన్నాడు. తీరా చూస్తే దోషం వీటిలో దేనిదీ కాదు. జానెడు పొడవున్న రాగి పట్టీది. అది తెగలేదు, ఊడిపోలేదు. ఉండాల్సిన చోట లేదు, అంతే.

రబ్బరు మీద కూర్చున్న ఇంజను

బ్యాటరీకి ప్లస్, మైనస్ అని రెండు కొమ్ములుంటాయని అందరికీ తెలుసు. ప్లస్ నుంచి లావాటి తీగ సెల్ఫ్ మోటారుకు పోతుంది. సెల్ఫ్‌కు రెండో తీగ కనిపించదు. కరెంటు ఒక కొమ్ము నుంచి బయలుదేరి రెండో కొమ్ముకు చేరితేనే పని జరుగుతుంది కదా, మరి రెండో తీగ ఏది? సెల్ఫ్ ఒంటి ఇనుమే రెండో తీగ. సెల్ఫ్ గేర్ బాక్సుకు బిగించి ఉంటుంది. గేర్ బాక్సు ఇంజనుకు బిగించి ఉంటుంది. అక్కడి నుంచి కరెంటు బండి బాడీలోకి దిగి, బాడీకి బిగించిన మైనస్ తీగ ద్వారా బ్యాటరీ చేరాలి.

చిక్కంతా అక్కడే ఉంది. ఇంజను అదురు బండిలో కూర్చున్నవారికి తగలకుండా దాన్ని మౌంటింగు రబ్బర్ల మీద కూర్చోబెడతారు. రబ్బరులో నుంచి కరెంటు పోదు. అంటే ఇంజను బాడీలో ఉన్నట్టే కనిపిస్తుంది గానీ, కరెంటు లెక్కలో అది గాలిలో వేలాడుతున్నట్టే. ఈ రెంటినీ కలిపే వంతెనే ఎర్త్ పట్టీ. కొన్ని బండ్లలో బ్యాటరీ మైనస్ తీగను నేరుగా గేర్ బాక్సుకు తెచ్చి, అక్కడి నుంచి బాడీకి మరో తీగ ఇస్తారు. రెండు పద్ధతులూ మంచివే. ఏదో ఒక వంతెన గట్టిగా ఉండాలి.

డెల్టా రైతుకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. కాలువ ఎంత పెద్దదైనా డ్రెయిను పూడిపోతే చేలో నీళ్లు కదలవు. ప్లస్ తీగ ఎంత లావుగా ఉన్నా తిరుగుదారి సన్నబడితే సెల్ఫ్ తిరగదు.

మరి లైట్లు ఎలా వెలిగాయి, హారను ఎలా మోగింది? అవి బాడీకి బిగించినవి. వాటి కరెంటు బాడీ నుంచే నేరుగా బ్యాటరీకి పోతుంది. ఇంజను పట్టీతో వాటికి పనిలేదు. పైగా అవి తీసుకునేది కొద్ది యాంపియర్లే. సెల్ఫ్ అలాంటిది కాదు. ఇంట్లో తిరిగే ఫ్యాను అర యాంపియరు కూడా తీసుకోదు. చిన్న కారు సెల్ఫ్ తిరిగేటప్పుడు 100 యాంపియర్లు, ఒక్కోసారి అంతకుమించి లాగుతుంది. డీజిలు జీపులైతే 200 దాటుతాయి. అంత ప్రవాహం దగ్గర తుప్పు పొర కూడా గోడే అవుతుంది. ఒక ఓమ్‌లో వందో వంతు అడ్డు ఉన్నా 100 యాంపియర్ల దగ్గర ఒక వోల్టు అక్కడే పోతుంది. ఉన్నవి 12 వోల్టులు. సెల్ఫ్ తిరిగేటప్పుడు మంచి బ్యాటరీ కూడా కొంత దిగుతుంది. దాని మీద మరో రెండు వోల్టులు దారిలో కొట్టుకుపోతే మిగిలేది ‘టక్’ చప్పుడే.

మూడు చోట్లు తిరిగిన పట్టీ

వ్యానుకు క్లచ్ ప్లేట్లు మార్చిన రోజున ఈ తంటా మొదలైంది. గేర్ బాక్సు దింపి ఎక్కించేటప్పుడు పట్టీ బిగించే బోల్టు మర కొట్టుకుపోయింది. మెకానిక్కు దానికి కొత్త మర కొట్టే ఓపిక లేకపోయింది. సీటు ఎత్తితే ఎదురుగా కనిపించే టాపెట్ కవరు బోల్టుకు పట్టీ తగిలించి పంపేశాడు. చూడటానికి అదీ ఇంజనే. కానీ ఆ కవరు కింద రబ్బరు గాస్కెట్ ఉంటుంది. బోల్టుల కిందా రబ్బరు వాషర్లే. మౌంటింగు రబ్బరును తప్పించుకోవడానికి పెట్టిన పట్టీని తీసుకెళ్లి ఇంకో రబ్బరు మీద కూర్చోబెట్టినట్టయింది.

కొద్ది రోజులకు క్లచ్ పెడలు బిగుసుకున్నట్టు తోచింది. ఉదయం మొదటిసారి తాళం తిప్పినప్పుడు కాళ్ల దగ్గర కాలిన రబ్బరు వాసన. రోడ్డు వేడి కాబోలనుకున్నాడు డ్రైవరు. అసలు సంగతి వేరు. క్లచ్ కేబుల్ ఒక కొస గేర్ బాక్సు మీద, రెండో కొస బాడీలోని పెడలు దగ్గర ఉంటుంది. లోపల ఉక్కు తీగ. పట్టీ దారి మూసుకుపోవడంతో సెల్ఫ్ కరెంటు ఈ దొడ్డిదారి పట్టింది. క్లచ్ తొక్కడానికి పెట్టిన తీగ బ్యాటరీ తీగ పని చేయవలసి వస్తే కాలక ఏమవుతుంది? పైనున్న ప్లాస్టిక్కు తొడుగు మెత్తబడి లోపలి తీగను పట్టేసింది. ఇదే కరెంటు యాక్సిలరేటరు కేబుల్ దారినీ పట్టవచ్చు. గేరు రాడ్ల దారినీ పట్టవచ్చు. కాలే కేబుల్ పక్కనే పెట్రోలు గొట్టం ఉంటే జరిగేది ఊహించుకోవచ్చు.

తోస్తే బండి ఎందుకు అందుకుందో కూడా దీనితోనే తెలుస్తుంది. తోసినప్పుడు సెల్ఫ్‌తో పనిలేదు. నిప్పురవ్వ పుట్టించడానికి కావలసిన కొద్దిపాటి కరెంటుకు ఆ సన్నదారే చాలు.

రెండో మెకానిక్కు కొంత తెలిసినవాడే. పట్టీ మీద అనుమానపడ్డాడు. టాపెట్ కవరు మీది నుంచి విప్పి ఒక కొసను ఇంజనుకు, రెండో కొసను మౌంటింగు దగ్గరి ఇనుప బ్రాకెట్టుకు బిగించాడు. బోల్టులు గట్టివే, ఇనుమూ మంచిదే. అయితే ఆ బ్రాకెట్టు రబ్బరుకు పైన ఉన్నది. అంటే అదీ ఇంజనుకు చెందినదే. వంతెన రెండు కొసలూ ఒకే గట్టు మీద పడ్డాయి! పాము కాటు రాత్రి వ్యాను ఉన్న స్థితి ఇదే.

మర్నాడు అవనిగడ్డలో ఒక ఎలక్ట్రీషియన్ దగ్గరికి తీసుకెళితే ఆయన స్పానరు కూడా ముట్టలేదు. జంపరు తీగ ఒకటి తెచ్చి, ఒక కొస బ్యాటరీ మైనస్ కొమ్ముకు, రెండో కొస గేర్ బాక్సు మీద శుభ్రమైన ఇనుముకు పట్టించి తాళం తిప్పమన్నాడు. సెల్ఫ్ గిర్రున తిరిగింది. తీగ తీసేస్తే ‘టక్’. పెడితే గిర్రు. దోషం తిరుగుదారిలో ఉందని తేలడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఇది జంపరు తీగ ఉన్న ఎవరైనా చేసుకోదగిన పరీక్ష.

ట్రాక్టరు చేతి అలవాటు

పల్లె మెకానిక్కులను ఊరికే ఆడిపోసుకోవడం న్యాయం కాదు. వీరిలో చాలామంది పని నేర్చుకున్నది ట్రాక్టర్ల మీద. చాలా ట్రాక్టర్లలో ఇంజను, గేర్ బాక్సు, వెనక ఇరుసు పెట్టె ఒకదానికొకటి బిగించిన ఒకే ఇనుప దిమ్మ. ఇంజను కింద రబ్బరు ఉండదు. మైనస్ తీగను ఆ దిమ్మ మీద శుభ్రమైన చోట ఎక్కడ బిగించినా బండి నడుస్తుంది. ఆ అలవాటుతో కారు ముట్టుకుంటే ‘ఇనుమంతా ఒకటే’ అనిపించడం సహజం. కారులో ఇనుము రెండు ముక్కలు. రబ్బరుకు అటు ఒకటి, ఇటు ఒకటి. పట్టీ బిగించే ముందు ఏ బోల్టు ఏ ముక్కదో చూసుకుంటే సగం పని అయిపోయినట్టే.

ఎక్కడ బిగించాలి?

కంపెనీ పెట్టిన చోటు కనిపిస్తుంటే దానిని వదలవద్దని అనుభవజ్ఞుల మాట. మర పాడైతే మర కొట్టించడమో, పెద్ద బోల్టు వేయించడమో మేలు. అది బొత్తిగా వీలుకానప్పుడే వేరే చోటు వెతకాలి.

ఇంజను వైపు అన్నిటికన్నా మంచి చోటు సెల్ఫ్‌కు దగ్గరగా ఉన్నది. సెల్ఫ్ బిగించే బోల్టు గానీ, ఇంజనూ గేర్ బాక్సూ కలిసేచోట ఉండే లావాటి బోల్టు గానీ సరిపోతుంది. కరెంటు బయటకు వచ్చేది అక్కడే కాబట్టి దానికి నడక తగ్గుతుంది. ఇంజను దిమ్మ మీద వాడకుండా వదిలేసిన మర రంధ్రం ఉంటే అదీ మంచిదే.

పనికిరానివి ఎక్కువ. టాపెట్ కవరు, ఆయిలు సంపు బోల్టులు వద్దు. కింద గాస్కెట్ ఉంటుంది, మరలు సన్నవి. సైలెన్సరు మానిఫోల్డు వద్దు. ఆ వేడికి బోల్టు తుప్పు పట్టి బిగుసుకుపోతుంది, పట్టీ మాడిపోతుంది. ఆల్టర్నేటరు బెల్టు బిగించే పట్టా వద్దు. దాన్ని మాటిమాటికీ వదులు చేయవలసి వస్తుంది. హెడ్డు బోల్టు జోలికి అసలే పోరాదు. దాన్ని లెక్క ప్రకారం బిగిస్తారు. పట్టీ కోసం ఒక్కటి వదిలించినా హెడ్ గాస్కెట్‌కు చేటు. పెట్రోలు పంపు, పెట్రోలు గొట్టాలు, బ్రేకు గొట్టాలు, గ్యాసు కిట్టు బిగింపులు ఉన్న చోట పట్టీ ఆనవాలే ఉండకూడదు. వదులైన బోల్టు దగ్గర రవ్వ పుడుతుంది.

బాడీ వైపు లావాటి ఇనుము చూసుకోవాలి. జీపులాంటి బండ్లకు ఛాసిస్ కమ్మీ. కార్లకు ఇంజను గదిలో వెల్డింగు చేసిన దళసరి భాగం. బంపరు, మడ్‌గార్డు వంటివి బోల్టులతో వేలాడేవి, రంగు పొరల మీద కూర్చున్నవి. వాటిని నమ్మరాదు. బ్యాటరీ కింది తట్ట దగ్గరగా ఉందని చాలామంది దానికే బిగిస్తారు. అందులో యాసిడ్ పడి అన్నిటికన్నా ముందు తుప్పు తినేది అదే.

పట్టీని తీగలా లాగి కట్టకూడదు. తాళం తిప్పినప్పుడు, యాక్సిలరేటరు తొక్కినప్పుడు ఇంజను ఒక పక్కకు ఒరుగుతుంది. ఆ ఊపుకు సరిపడా వంపు వదలాలి. బిగదీసి కడితే నెలల్లో తెగుతుంది. అలాగని మూరెడు పొడవు వదిలితే ఫ్యాను బెల్టుకో, సైలెన్సరుకో తగులుతుంది. అల్లిన రాగి పట్టీలు ఊపుకు బాగా తట్టుకుంటాయి. లావు మాటకొస్తే బ్యాటరీ ప్లస్ తీగకు తగ్గకూడదు. కాడికి ఒక పక్క ఒంగోలు గిత్తను, రెండో పక్క దూడను కడితే బండి ఎలా నడుస్తుందో ఇదీ అంతే.

ఉప్పుగాలి దెబ్బ

నాగాయలంక, కోడూరు వైపు బండ్లకు మరో చిక్కుంది. సముద్రపు గాలిలో ఉప్పు. దానికి తోడు చేపలు, రొయ్యలు మోసే బండ్లలో కారే నీళ్లు. అల్లిన రాగి పట్టీ తేమను పీల్చుకుని పచ్చటి పొడిగా మారుతుంది. పైకి పట్టీలా కనిపించినా వేళ్లతో నలిపితే రాలిపోతుంది. ఇలాంటి బండ్లకు పైన తొడుగు ఉండి, కొసలకు కళాయి పూసిన లగ్గులు నొక్కిన లావాటి తీగ మేలు. గేర్ బాక్సు అల్యూమినియందైతే కళాయి లగ్గు మరీ అవసరం. రాగీ అల్యూమినియమూ నేరుగా తగిలిన చోట ఉప్పునీరు చేరితే అల్యూమినియాన్ని తినేస్తుంది.

బిగించే పద్ధతిలోనూ పొరపాట్లు జరుగుతున్నాయి. రంగు మీద లగ్గు పెట్టి బోల్టు ఎంత తిప్పినా ఉపయోగం లేదు. లగ్గు కూర్చునే మేర గరుకు కాగితంతో లోహం మెరిసేదాకా గీకాలి. లగ్గును నేరుగా ఆ లోహం మీద పెట్టాలి. పళ్ల వాషరు వేసి బిగించాలి. ఒకే బోల్టుకు నాలుగైదు లగ్గులు గుదిగుచ్చకూడదు. వాజలైను గానీ, గ్రీజు గానీ బిగించిన తర్వాత పైన పూయాలి. నీరు చేరకుండా అది కాపాడుతుంది. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ మైనస్ తీగ మొదట విప్పాలి, అన్నీ అయ్యాక దాన్ని చివర బిగించాలి. ప్లస్ ముందు విప్పబోతే స్పానరు బాడీకి తగిలి మంట లేచిన సందర్భాలు షెడ్లలో పనిచేసే కుర్రాళ్లందరికీ తెలుసు. బ్యాటరీ దగ్గర బీడీ వెలిగించకూడదని వేరే చెప్పాలా?

మీటరుతో అయిదు నిమిషాలు

చవక మల్టీమీటరు ఉన్నా చాలు. డీసీ వోల్టుల మీద పెట్టి, నల్ల ముల్లును బ్యాటరీ మైనస్ కొమ్ము మీద ఆనించాలి. క్లాంపు మీద కాదు, కొమ్ము మీదే. ఎర్ర ముల్లును ఇంజను మీద గీకిన చోట పెట్టాలి. ఇంకొకరు తాళం తిప్పుతారు. సెల్ఫ్ తిరిగే ఆ రెండు మూడు సెకన్లలో అంకె చూడాలి. 0.2, 0.3 వోల్టుల లోపు ఉంటే దారి బాగున్నట్టు. అర వోల్టు దాటితే ఎక్కడో అడ్డు ఉంది. అప్పుడు ఎర్ర ముల్లును క్లాంపు మీదికి, బాడీ మీదికి, మళ్లీ ఇంజను మీదికి ఒక్కో మెట్టు జరుపుతూ పోతే అంకె ఎక్కడ ఎగిరిందో అక్కడే దోషం. ఊరికే ఓమ్‌ల మీద పెట్టి చూస్తే లాభం లేదు. వంద పోగుల్లో ఒక్క పోగు మిగిలినా ఆ మీటరు ‘బాగుంది’ అనే చెబుతుంది. బరువు ఎత్తించి చూస్తేనే ఎద్దు సంగతి తెలిసేది.

ఆల్టర్నేటరు కూడా ఇంజను మీదే ఉంటుంది కాబట్టి అది బ్యాటరీకి పంపే ఛార్జింగుకూ ఈ పట్టీయే దారి. పట్టీ బాగాలేకపోతే బ్యాటరీ సరిగా నిండదు. నిండని బ్యాటరీ త్వరగా చెడుతుంది. ‘బ్యాటరీ నిలబడటం లేదు’ అనే ఫిర్యాదుల్లో కొన్ని ఇలా పుట్టినవే.

కొత్త బండ్ల దగ్గర కొంచెం జాగ్రత్త అవసరం. ఇంజనును నడిపించే కంప్యూటరు పెట్టెకు వేరే ఎర్త్ బోల్టులు ఉంటాయి. వాటిని కదపరాదు. కొన్నిటికి మైనస్ కొమ్ము మీదే చిన్న సెన్సరు పెట్టె ఉంటుంది. అదనపు తీగ వేయదలిస్తే కొమ్ముకు కాకుండా బాడీకి బిగించాలి. లేకపోతే ఆ సెన్సరు లెక్క తప్పుతుంది. బాడీకి వెల్డింగు చేయించేటప్పుడు బ్యాటరీ తీగలు విప్పించి, వెల్డింగు ఎర్త్ క్లాంపును అతుకు పక్కనే పెట్టించాలి. క్లాంపును దూరంగా ఇంజనుకో, బంపరుకో తగిలించే అలవాటు మన వెల్డింగు షాపుల్లో ఇంకా పోలేదు.

కోడూరు వైపు వ్యానుకు ఎలక్ట్రీషియన్ గేర్ బాక్సు పాత రంధ్రంలోనే కొత్త మర కొట్టించి, తొడుగున్న తీగ బిగించాడు. క్లచ్ కేబుల్ మార్చవలసి వచ్చింది. మీటరు మీద 0.15 చూపించింది. ఆ తర్వాత వానాకాలమంతా వ్యాను ఒక్కసారి కూడా తోపుడు అడగలేదు. మైనస్ క్లాంపు దగ్గర ఆకుపచ్చ పొడి కనిపిస్తుందేమోనని డ్రైవరు ఇప్పుడు ఆదివారం ఆదివారం సీటు ఎత్తి చూస్తున్నాడు. యజమాని బాధ మాత్రం వేరు. రెండో బ్యాటరీ కొన్నప్పుడు మొదటిదాన్ని పాత సామాను కింద దుకాణానికి ఇచ్చేసి వచ్చాడు. అది నాలుగు నెలలు కూడా వాడనిది. దానికి ఏ దోషమూ లేదని ఇప్పుడు తెలిసింది.